లైసియములు: ఊరి వేదిక చరిత్ర

మన పూర్వులకు విద్యయనగా మొదట వినుట, పిమ్మట చదువుట. అక్షరములెరుగని కాపుయింతియు భారతకథను పర్వములవారిగా చెప్పగలిగినదనిన, అది గుడిమండపమునందలి పురాణ కాలక్షేపముయొక్క ఫలమే. సాయంకాలమున పని ముగించుకొని, దీపము చుట్టును చేరి, ఒకడు చెప్పగా పదిమంది వినునట్టి యాచారము మనకు క్రొత్తది గాదు. అయినను ఆ మండపమున వినబడినది వెనుకటి కాలపు కథయే గాని, నేటి లోకపు వార్త గాదు. చీనాలో కఱవేల వచ్చినదో, ఫ్రాన్సులో రాజునేల తొలగించిరో, ఆకాశమున గ్రహణమెట్లేర్పడుచున్నదో చెప్పువారు ఆ మండపమునకు రాలేదు. అంతేకాదు, ఆ మండపపు మెట్లు ఎక్కుటకు ఊరిలో అందఱకు హక్కు లేకుండెను.

ఇట్టి వినికిడి విద్యనే లోకజ్ఞానమునకు మార్గముగా చేసికొనిన యొక ప్రయత్నము అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1826వ సంవత్సరమున మొదలయ్యెను. దానికి లైసియమని పేరు. అరిస్టాటిలు ఏథెన్సు నగరమున శిష్యులకు బోధించిన తోటకు ఆ పేరుండెను; దానినే వీరు తమ ఊరిసభలకు పెట్టుకొనిరి. పేరు గొప్పదైనను పని సామాన్యమైనది. ఊరివారు తమలో తాము చందాలు వేసికొని, శీతకాలమున వారమునకొక సాయంకాలము కూడి, ఒకరిచే ఉపన్యాసము చెప్పించుకొనుటయే ఆ పని. ఈ సమాజముల చరిత్రమును మేమిచ్చట చెప్పబూనుట పరదేశపు ముచ్చట వినిపించుటకు మాత్రమే గాదు. ఊరికొక వేదిక కట్టుట సులభము. దాని తలుపు ఎవరికి తెఱవవలెను, దానిమీద ఏ మాట పలుకనీయవలెను అను ప్రశ్నలకు సమాధానము చెప్పుట కష్టము. ఆ కష్టమును వారెట్లెదుర్కొనిరో తెలిసికొనుట మనకును అవసరము.

ఈ యుద్యమమునకు మూలపురుషుడు జోసయా హోల్‌బ్రుక్ అనునతడు. కనెక్టికటు రాష్ట్రమందలి డెర్బీ గ్రామమున 1788లో పుట్టెను. యేలు కళాశాలలో చదివి, బెంజమిన్ సిల్లిమన్ అను శాస్త్రజ్ఞుని రసాయన, ఖనిజ విద్యాబోధలు విని, ఆ విద్య పొలము దున్నువానికిని, సుత్తె పట్టువానికిని ఏల దక్కరాదని ఆలోచించెను. పొలముపనితో చదువును జోడించిన పాఠశాలలను నడపి చూచెను, అవి నిలువలేదు. పిమ్మట తన పథకమును ఒక విద్యాపత్రికలో ప్రకటించి, 1826లో మసాచుసెట్సు రాష్ట్రమందలి మిల్‌బరీ అను చిన్నయూర ఉపన్యాసములు చెప్పి, విన్న రైతులను, పనివారలను ఒక సంఘముగా కూర్చెను. అదియే మొదటి లైసియము. ఈతడు తన జీవితమంతయు ఊరూర తిరిగి ఇట్టి సంఘములను స్థాపించుచు, బడిపిల్లలకు ఉపయోగించు విజ్ఞాన పరికరములను తయారుచేయించి పంచుచు గడపెను. కడకు 1854లో వర్జీనియా రాష్ట్రమున శిలలను సేకరించుచు, కొండచరియనుండి జాఱి ఏటబడి మరణించెను.

హోల్‌బ్రుక్ కోరినది పెద్ద నిర్మాణము. ఊరికొక లైసియము, వానిపై మండలమునకొకటి, రాష్ట్రమునకొకటి, అన్నిటిపై దేశమునకొకటి యుండవలెనని ఆయన తలంచెను. 1831లో న్యూయార్కు నగరమున జాతీయ లైసియము కూడెను గాని, ఆ పై అంతస్తు దశాబ్దము తిరుగకమునుపే కూలిపోయెను. క్రింది అంతస్తు మాత్రము నిలిచినది. 1830వ దశకపు నడుమకు దేశమున సుమారు 3000 ఊరి లైసియములుండెనని చరిత్రకారుల అంచనా. దీనినిబట్టి ఒక సంగతి స్పష్టమగుచున్నది. పైనుండి క్రిందికి దింపిన సంస్థకంటె ఊరివారు తమ అవసరమునకు తాము కట్టుకొనిన సంస్థకే ఆయువెక్కువ.

ఆ సభలు నడచిన తీరు తెలిసికొనదగినది. శీతకాలమున పొలముపని యుండదు, రాత్రులు దీర్ఘములు. మంచుపై జాఱు బండ్లలో దూరపు పల్లెలవారును వచ్చెడివారు. బడియో, దేవాలయపు గదియో, పురసభామందిరమో సభకు చోటు. మొదట సభ్యులే ఒకరి తరువాత నొకరు తమకు తెలిసినది చెప్పుకొనిరి. వైద్యుడు శరీరధర్మమును, ఉపాధ్యాయుడు భూగోళమును, ఓడపనిచేసి వచ్చినవాడు తాను చూచిన రేవులను వర్ణించెను. మధ్యమధ్య వాదసభలుండెను. తరువాత ఇతరగ్రామములనుండి వక్తలను పిలుచుట మొదలయ్యెను. రైలుమార్గములు పెరిగినకొలది, ఒకే వక్త ఒక్క శీతకాలములో అనేక పట్టణములు చుట్టివచ్చుట సాధ్యమయ్యెను. రసాయనము, జ్యోతిశ్శాస్త్రము, గ్రీకు శిల్పము, యూరపు రాజకీయము, ప్రాగ్దేశయాత్రలు అన్నియు ఆ బల్లలపై కూర్చున్న రైతుల చెవిని బడెను.

కాంకర్డు అను ఊరిని దృష్టాంతముగా గైకొందము. బోస్టను నగరమునకు సమీపమున, అప్పటికి సుమారు రెండువేల జనము గల గ్రామమది. అక్కడ 1829లో లైసియమేర్పడెను. రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ ఆ ఊర నివసించి, తన జీవితకాలములో ఆ వేదికనుండి సుమారు నూరు ఉపన్యాసములు చెప్పెను. దేశమంతట కీర్తిగాంచిన వ్యాసములలో అనేకము మొదట ఇరుగుపొరుగువారి యెదుట చదువబడిన ఉపన్యాసములే. ఆ ఊరనే పుట్టిన హెన్రీ డేవిడ్ థోరో కొంతకాలము కార్యదర్శిగను, కొంతకాలము వక్తలను ఏర్పాటుచేయు నిర్వాహకుడుగను పనిచేసెను. ఈయన నిర్వహించిన 1842-43 శీతకాలమున 25 ఉపన్యాసములు జరుగగా, గదియద్దె, దీపములు, చలిమంట మొదలగువానితో కలిపి వ్యయమైనది నూఱు డాలర్లు మాత్రమే. తరువాత 1854లో ప్రచురించిన వాల్డెన్ అను గ్రంథములో ఆయన, ఊరివారు లైసియమునకై ఏటేట చందావేయు 125 డాలర్లకు సాటివచ్చు సద్వ్యయము ఆ ఊర మఱొకటి లేదను భావమును వెల్లడించెను. ఊరే విశ్వవిద్యాలయము కావలెనని ఆయన కోరిక.

ఇంతవరకు కథ నిరాటంకముగ సాగినట్లు కనబడును. కాని సభ యనగా కలహమునకు చోటు. ఆ భయముచేత లైసియములు తొలినాళ్లలోనే ఒక నియమము పెట్టుకొనెను. కక్షిరాజకీయములను, మతభేదవాదములను వేదికపై ఎత్తరాదు. పైకి చూడ ఇది వివేకముగనే యుండును. గ్రహముల గతినిగూర్చి వినవచ్చిన జనము ఎన్నికలనుగూర్చి కొట్టుకొనుట ఎవరికి హితము? కాని ఆ కాలమున ఆ దేశమున లక్షలకొలది మానవులు బానిసలై పశువులవలె అమ్మబడుచుండిరి. బానిసత్వము రాజకీయ ప్రశ్న. కాన దానిమాట ఎత్తరాదనిరి. లోకమునందలి సమస్త విషయములు చెప్పుకొనవచ్చును, ఇంటిలోని పుండును మాత్రము చూపరాదు అన్నట్లాయెను ఆ నియమము.

ఈ నియమమును దాటి, వినువారిని నొప్పింపకయే సత్యమును చెప్పుటకు యత్నించినవారును లేకపోలేదు. 1838 జనవరి 27న ఇల్లినాయిసు రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణపు యువజన లైసియమున ఇరువదెనిమిదేండ్ల న్యాయవాది యొకడు ప్రసంగించెను. దేశపు రాజ్యసంస్థలు ఎట్లు చిరకాలము నిలుచునన్నది విషయము. అంతకు రెండు మాసములకు ముందే ఆ రాష్ట్రమున ఆల్టన్ అను ఊర, బానిసత్వమును ఖండించిన పత్రికాధిపతి ఎలైజా లవ్‌జాయిని అల్లరిమూక చంపియుండెను. వక్త ఆతని పేరెత్తలేదు గాని, మూకలు చట్టమును చేతికి తీసికొనుటే దేశమునకు పెద్ద ప్రమాదమని గట్టిగా చెప్పెను. ఆ న్యాయవాదియే అబ్రహాము లింకను. పరాయిశత్రువుకంటె స్వజనుల దౌర్జన్యమే స్వాతంత్ర్యమును నశింపజేయునను ఆ ఉపదేశము ఒక చిన్నపట్టణపు సాయంకాలసభలో చెప్పబడినది.

కాంకర్డు లైసియమునకు పరీక్ష వెండెల్ ఫిలిప్స్ రూపమున వచ్చెను. ఈతడు బోస్టను నగరపు మొదటి నగరాధ్యక్షుని కుమారుడు. హార్వర్డున చదివిన న్యాయవాది. బానిసత్వ నిర్మూలనమునకు తన వాక్శక్తినంతయు ధారపోసిన వక్త. 1842లోను, తరువాతను ఆతడు కాంకర్డున మాటలాడినప్పుడు ఊరి పెద్దలలో కొందఱకు కోపము వచ్చెను. 1845లో మరల పిలువవలెనను ప్రస్తావన రాగా సభ రెండు పాయలయ్యెను. వలదనినవారందఱు దుర్మార్గులని మేమనము. చాలకాలము శ్రమపడి పెంచిన సంఘము ఈ యొక్క కలహముచేత చీలిపోవునని వారి భయము. సభ్యులలో అధిక సంఖ్యాకులు ఆతనిని పిలువవలెననియే తీర్మానించిరి. అందుపై కొందఱు నిర్వాహకులు పదవులు వదలిరి. వారి స్థానమునకు ఎమర్సన్, థోరో మొదలగువారిని ఎన్నుకొనిరి. ఫిలిప్స్ మార్చి నెలలో వచ్చి ప్రసంగించెను. థోరో ఆ సభావృత్తాంతమును బానిసత్వ వ్యతిరేక పత్రికయగు లిబరేటరునకు వ్రాసి పంపెను. సంఘము చీలిపోలేదు, అటుపిమ్మట దశాబ్దములపాటు నడచెను. భయపడినవారి లెక్క తప్పెను. ఒక కఠినమైన మాట వినిన మాత్రమున చెదరిపోవు సభ, ఆ మాట వినకున్నను ఎక్కువకాలము నిలువజాలదు.

వేదిక సంగతి యిట్లుండగా, బల్లల సంగతి మఱొక ఊర తేలెను. న్యూబెడ్‌ఫర్డు తిమింగలముల వేటకు పేరుపొందిన ఓడరేవు. దాస్యమునుండి పారిపోయివచ్చిన నల్లవారెందఱో అక్కడ పనిచేసికొని బ్రదుకుచుండిరి. ఫ్రెడరిక్ డగ్లస్ 1838లో మేరీల్యాండునుండి తప్పించుకొని వచ్చి స్థిరపడినది ఆ ఊరనే. ఆ ఊరి లైసియమువారు 1845లో నల్లవారికి సభ్యత్వమీయరాదనియు, వారు పై వసారాలో కూర్చుండి వినవచ్చుననియు తీర్మానించిరి. వినుట కడ్డులేదు గదా యని వారి సమాధానము. ఈ సమాధానము మన చెవులకు పరిచితమైనదే. గుడి వెలుపల నిలిచి దండము పెట్టుకొనవచ్చును గదా యని మన పెద్దలును చెప్పియుండిరి.

ఆ శీతకాలమున అక్కడ ఉపన్యసించుటకు ఎమర్సన్‌కును, బోస్టను న్యాయవాది చార్లెస్ సమ్నర్‌కును ఆహ్వానములు వెళ్లియుండెను. ఇరువురును ఈ తీర్మానము తెలియగనే రామని జాబులు వ్రాసిరి. జనసామాన్యమునకు విద్య గఱపుటకే పుట్టిన సంస్థ, అందఱిలో దీనులైనవారినే వెలివేసినచో తన పుట్టుకనే కాదనుకొన్నట్లని ఎమర్సన్ తలంపు. ఊరిలోనివారు కొందఱు విడివడి రంగుభేదము లేని వేఱు సంఘమును స్థాపించుకొనిరి. తనకు ఆ సభలో చోటు నిరాకరింపబడిన సంగతిని డగ్లస్ తన స్వీయచరిత్రమున వ్రాసికొనెను. ప్రసిద్ధవక్తలు రామని చెప్పినపిమ్మట ఆ కట్టుబాటు తొలగినదని కూడ అచ్చటనే చెప్పెను. వక్త యొక్క బాధ్యత వాక్యములతో తీరదు. తాను మాటలాడబోవు మందిరపు తలుపువద్ద ఎవరిని ఆపుచున్నారో విచారించుట గూడ ఆతని ధర్మమే. ఎమర్సన్ అక్కడ చెప్పని ఉపన్యాసము, చెప్పిన ఎన్నింటికంటెనో గొప్ప బోధ చేసినది.

తలుపు మూయబడినవారు చేతులు కట్టుకొని కూర్చుండలేదు. న్యూబెడ్‌ఫర్డు తగవునకు పండ్రెండేండ్లు ముందే, 1833లో, ఫిలడెల్ఫియా నగరపు నల్లవారు తమకై తాము ఒక గ్రంథాలయ సంఘమును స్థాపించుకొని, అందు వాదసభలు నడపుకొనిరి. 1854లో ఫ్రాన్సెస్ వాట్కిన్సు అను నల్లజాతి కవయిత్రి తన తొలి ఉపన్యాసమును అదే న్యూబెడ్‌ఫర్డున చెప్పెను. విద్యయు, తన జాతియొక్క ఔన్నత్యమును అందు విషయము. అటుపిమ్మట ఆమె ఊరూర తిరిగి ప్రసంగించుటయే వృత్తిగా గైకొనెను. స్త్రీ బహిరంగసభలో మాటలాడుటయే వింతగా చూచు దినములవి. బల్లలపై స్త్రీలకు చోటు మొదటనే దొరికినను, వేదికపైకి వచ్చుటకు చాలకాలము పట్టినది. అంతర్యుద్ధ కాలమునకు అన్నా డికిన్సను అను ఇరువదొక్క యేండ్ల యువతి 1864 జనవరిలో ప్రతినిధిసభామందిరమున ప్రసంగింపగా, లింకను అధ్యక్షుడు వచ్చి వినెను. యుద్ధానంతరము లైసియము వేదికలపై మిక్కిలి ఆదరణ పొందిన వక్తలలో ఆమె యొకతె.

ఊరివేదికపై చెప్పిన మాట ఎంతదూరము పోవునో చూపుటకు ఇంకొక దృష్టాంతము చాలును. థోరో బానిసత్వమును సహించు ప్రభుత్వమునకు తలపన్ను చెల్లించుటకు నిరాకరించి, 1846లో ఒక రాత్రి కాంకర్డు చెఱసాలలో గడపెను. ఇరుగుపొరుగువారు ఆశ్చర్యపడి కారణమడుగగా, 1848 మొదట ఆ ఊరి లైసియముననే తన కారణములు ఉపన్యాసరూపమున చెప్పెను. అది మరుసటి యేట అచ్చయ్యెను. దాదాపు అరువదియేండ్లకు, 1907లో, దక్షిణాఫ్రికాలో గాంధీగారు దానిని చదివి, అందలి భాగములను తమ ఇండియన్ ఒపీనియన్ పత్రికలో ప్రకటించిరి. సత్యాగ్రహము థోరోనుండియే పుట్టినదని కొందఱందురు, అది సరిగాదు. భారత సేవక సమాజ సభ్యుడును, మన తెలుగువాడును నగు పి. కోదండరావు గారికి 1935లో వ్రాసిన జాబున, ఆ వ్యాసము తమ చేతికి వచ్చుటకు ముందే దక్షిణాఫ్రికాలో ప్రతిఘటనము చాలదూరము సాగియుండెనని గాంధీగారే స్పష్టపఱచిరి. అయినను కాంకర్డున కొలదిమంది యెదుట పలికిన పలుకు సముద్రములు దాటి, ఒక పోరాటమునకు తోడైనదనుట సత్యము. ఊరిసభలో పదిమందియే యున్నారని వక్త నిరాశ చెందనక్కఱలేదు.

లోకవార్తల విషయమున మాత్రము లైసియములకొక లోపముండెను. 1853లో పెరీ నౌకాదళముతో జపాను వెళ్లివచ్చిన బేయర్డ్ టేలరు వంటి యాత్రికుల ఉపన్యాసములకు జనము విరుగబడెను. ఆ దేశముల చిత్రవిచిత్రములు వినుట ఆనందముగనే యుండెను. కాని వినబడినది చూచివచ్చినవాని మాట. అక్కడ పుట్టి పెరిగినవాని మాట కాదు. హంగరీ దేశాభిమాని కొషూత్ 1851-52లో వచ్చి తన ప్రజల స్వాతంత్ర్యమునుగూర్చి తానే చెప్పినపుడు ఈ లోపము కొంత తీరినది. మన దేశమునకు అట్టి యవకాశము 1893లో వచ్చెను. చికాగో సర్వమతసభ ముగిసిన పిమ్మట వివేకానందస్వామి ఆ నగరపు స్లేటన్ లైసియము కంపెనీతో ఒడంబడిక చేసికొని, ఊరూర భారతదేశమునుగూర్చి ప్రసంగించెను. ఆ ఒడంబడిక తనకు గిట్టుబాటు కానిదని గ్రహించి 1894లో వదలించుకొనెను. అంతవరకు మతప్రచారకుల నోటనే మన దేశపు వర్తమానము వినియున్న ఊళ్లవారు, మనవాని నోట మన మాట విన్నారు. ఒక జాతినిగూర్చి తెలిసికొనవలెనన్న, ఆ జాతివానికి వేదికపై చోటీయవలెను.

ఇక్కడ కంపెనీయను మాట వచ్చినది. ఊరివారి సంఘము నడుమకు కంపెనీ ఎట్లు వచ్చెను? బానిసత్వ వ్యతిరేక పత్రికారచయితయగు జేమ్స్ రెడ్‌పాత్ 1868లో బోస్టనున ఒక కార్యాలయము స్థాపించెను. వక్తల పేర్లు, తేదీలు, ప్రయాణములు అన్నియు ఆయన చూచుకొనును. ప్రతిఫలములో నూటికి పది తీసికొనును. ఊరి కార్యదర్శికి నూఱుత్తరములు వ్రాయు బాధ తప్పెను. వక్తకు నమ్మకమైన ఆదాయము దొరకెను. మేలే. కాని క్రమముగ వక్తల వెల పెరిగెను, పేరుగలవారే కావలసివచ్చిరి, హాస్యగాండ్రకును గాయకులకును గిరాకి హెచ్చెను. వక్తను ఎన్నుకొనుట, వానితో వాదించుట, ఆ యెన్నికకు జవాబుదారి వహించుట అను మూడును ఊరివారి చేతినుండి జాఱిపోయెను. తమ సభకు యజమానులై యుండినవారు టిక్కెట్టు కొనువారైరి.

షటాక్వా అను సరస్సుతీరమున 1874లో జాన్ విన్సెంటు అను మతాచార్యుడును, లూయీ మిల్లరు అను వ్యాపారియు ఆదివారపు బడిపంతుళ్ల శిక్షణకై ప్రారంభించిన వేసవి సభలు ఈ లోపమును కొంత సవరించెను. 1878లో ఏర్పడిన వారి పఠనమండలి నాలుగేండ్ల పాఠక్రమమును ఇంటివద్దనే చదువుకొనునట్లు ఏర్పాటు చేయగా, మొదటి యేటనే ఎనిమిదివేలకు పైగా చేరిరి. వినినదానిని చదువుతో నిలుపుట వారి సూత్రము. 1904నుండి ఆ పేరుతో వ్యాపారులు గుడారములు వేసి రైలుమార్గముల వెంబడి ఊరూర తిరుగు సభలను నడపిరి. లక్షలమంది విన్నారు. కాని కంపెనీవారు ఊరి పెద్దలచే ఇన్ని టిక్కెట్లు అమ్మెదమని ముందే హామీపత్రము వ్రాయించుకొనెడివారు. నష్టము ఊరికి, లాభము కంపెనీకి. మోటారుబండి, చలనచిత్రము, రేడియో వచ్చి, 1929 తరువాత ఆర్థికమాంద్యము తాకగా, 1930వ దశకపు తొలిదినములలో ఆ గుడారములు మాయమయ్యెను. సరస్సుతీరపు సంస్థ మాత్రము నేటికిని నడచుచున్నది. నివాసులు గల ఊరుగ ఏర్పడుట దాని ఆయువునకొక కారణమని మా యూహ. అదే వేదికపై 2022 ఆగష్టు 12న, స్వదేశమున నిలువనీడలేని రచయితలకు ఆశ్రయమిచ్చుటను గూర్చి మాటలాడవచ్చిన సల్మాన్ రష్దీని ఒకడు కత్తితో పొడువగా, ఆయనకు ఒక కంటిచూపు పోయెను. 1837లో పత్రికాధిపతిని చంపిన మూకకును, ఈ కత్తికిని నడుమ ఎంతకాలము గడచినను శత్రువు ఒక్కటియే: నచ్చని మాటను మాటతో ఎదుర్కొనలేనితనము.

మన తెలుగుదేశమున ఈ చరిత్రకు సమాంతరమైనవి లేకపోలేదు. 1879లో వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున వితంతు వివాహమునుగూర్చి ఉపన్యసించినప్పుడు ఊరు రెండు పాయలయ్యెను, ఉపన్యాసము ఆగలేదు. 1907 ఏప్రిలున బిపినచంద్రపాలుగారు అదే ఊర వరుసగ ప్రసంగింపగా, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు వానిని తెలుగున వినిపించిరి. ఆంగ్లము రానివారికి తలుపు తెఱచినది ఆ యనువాదమే. 1906లో హైదరాబాదున భాగ్యరెడ్డివర్మగారు జగన్మిత్రమండలిని స్థాపించి, గుడిమండపములకు రానీయని తన జనమునకు హరికథల మూలమున జ్ఞానము గఱపిరి. ఫిలడెల్ఫియా నల్లవారు చేసిన పనికిది తోబుట్టువు. 1914లో బెజవాడన గ్రంథాలయ ప్రతినిధులు కూడి అయ్యంకి వేంకటరమణయ్యగారి కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణాకాలువపై పడవలో గ్రంథములను పల్లెలకు పంపిరి. సభకు రాలేనివారియొద్దకు సభయే పోవలెనను న్యాయమది.

నేడు ఉపన్యాసములకు కొఱత లేదు. ప్రపంచమునందలి గొప్పవక్తలందఱును అఱచేతిలోని ఫోనునందు పలుకుచున్నారు. కాని అది ఒంటరి వినికిడి. ప్రక్కన కూర్చున్నవాడు లేచి, అయ్యా, ఇది మా అనుభవమునకు సరిపడలేదే యని అడుగుట అందు లేదు. తన కిష్టమైన మాటనే మరలమరల వినుటకు వీలిచ్చు యంత్రము, ఇష్టము లేని మాటను వినుట నేర్పజాలదు. ఆ యభ్యాసము పదిమంది కూడిన గదిలోనే కలుగును.

కావున ఊరి గ్రంథాలయమందో, బడియందో నెలకొక సాయంకాలము లోకవృత్తాంతమును వినుటకు కూడదలచువారికి మా విన్నపము స్వల్పము. చందా చిన్నదిగ నుండవలెను, అందఱిదిగ నుండవలెను. దాతయొక్కడే యైనచో సభ ఆతనిదగును. వక్తను సభ్యులే ఎన్నుకొనవలెను, ప్రశ్నించుటకు సమయముంచవలెను. విదేశపు కఱవును చెప్పుకొను సభ తన ఊరి చివర వాడలో నీళ్లకేమి జరుగుచున్నదో చెప్పుకొనుటకు సిగ్గుపడరాదు. ఆ వాడవారు వెనుక నిలువక ముందు బల్లలపై కూర్చుండునట్లును, వేదికపై మాటలాడునట్లును చూడవలెను. కాంకర్డున నూఱు డాలర్లతో ఒక శీతకాలము గడచినది. ధనము మనకడ్డు గాదు. తలుపు తెఱచు మనస్సును, నొప్పించు మాటను ఓర్చు చెవియు ఉన్నచో, గుడిమండపమున మన పూర్వులు వెలిగించిన దీపమునే ఊరందఱికి వెలుగిచ్చు చోట మనము నిలుపగలము.